నిలవలేదు

(కాన్పుల సేవలో జీవితం గడిపిన ఒక నర్సమ్మ జ్ఞాపకార్థం శంషాబాద్‌లో చేసిన స్మారకోపన్యాసం)



ఎవరి స్మృతిలో మాట్లాడుతున్నామో వారి పేరు చెప్పి మొదలుపెట్టడం ఇలాంటి సభల్లో ఆనవాయితీ. ఈ రోజు ఆ ఆనవాయితీ తప్పక తప్పడం లేదు. తన పేరు ఎక్కడా వేయవద్దని ఆవిడ పిల్లలకు చెప్పిపోయారు. శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆమెను నర్సమ్మ అనే పిలిచాయి. నేనూ అలాగే పిలుస్తాను. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు ఇక్కడికి మారకముందు, మామిడిపల్లి, గొల్లపల్లి దారుల్లో కాలినడకన, దొరికితే ఎవరి సైకిలు వెనకో కూర్చుని వెళ్లి కాన్పులు చేసిన మనిషి ఆమె. విమానాశ్రయం కోసం తీసుకున్న సుమారు 5,500 ఎకరాల్లో ఆమె నడిచిన బాటలు కొన్ని కలిసిపోయాయి.

పోయిన నెల వాళ్లబ్బాయి ఆమె నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టాడు. అట్ట ఊడిన పొడుగు నోటుబుక్కు. స్కేలుతో గీసిన గళ్లు. తేదీ, ఊరు, తల్లి వయసు, ఎన్నో కాన్పు, ఆఖరి గడిలో ఆడబిడ్డో మగబిడ్డో, బరువెంతో. బిడ్డ లేనిచోట ఆ గడిలో ఒకటే మాట రాసుకున్నారు: ‘నిలవలేదు’. ఎవరి వల్ల అని లేదు, ఎందుకని లేదు. ఆ మాట ఉన్న వరసల్లో వయసు గడి మీద వేలు పెట్టి కిందికి చూసుకుంటూ పోయాను. 38, 41, 36, 40, మళ్లీ 41. మధ్యమధ్య 22, 26 కూడా ఉన్నాయి. ఆవిడ లెక్కలు కట్టడానికి రాయలేదు. కానీ జన్యుశాస్త్రం ఎంతో కష్టపడి తేల్చిన విషయం ఆ గళ్లలో కళ్లకు కనిపిస్తోంది.

నా ఉద్యోగం క్రోమోజోములు లెక్కపెట్టడం. హైదరాబాద్‌లో ఒక ప్రయోగశాలలో ఆ పని చేస్తూనే రిటైరయ్యాను. నర్సమ్మకూ నాకూ పరిచయం చీటీల మీద మొదలైంది. ఎవరికైనా వరసగా కడుపు పోతుంటే, మొగుడినీ పెళ్లాన్నీ కలిపి నా దగ్గరికి పంపేవారు. చీటీ మీద ఒకటే వాక్యం ఉండేది: “మూడుసార్లు నిలవలేదు, చూసిపెట్టండమ్మా.” ఇద్దరినీ కలిపి పంపేవారన్న మాట గమనించండి. ఆ రోజుల్లో డాక్టర్లే చాలామంది ఆడమనిషిని మాత్రమే పంపేవారు.

ఆ చీటీతో వచ్చినవాళ్ల రక్తంతో మేమేం చేసేవాళ్లమో చెబుతాను. ఇప్పుడు చాలా పని యంత్రాలకు పోయింది, చేతులతో చేసినవాళ్లం తగ్గిపోయాం. రక్తంలోని తెల్లకణాలు మామూలుగా విభజన చెందవు. వాటిని కదిలించడానికి రాజ్మా గింజల నుంచి తీసిన ఒక పదార్థం కలిపి, మనిషి ఒంటి వేడిలో 72 గంటలు ఉంచుతాం. కణాలు రెండుగా చీలే అదనుకు కోల్చిసిన్ వేస్తాం. మన కంచెల మీద పాకే అడవినాభి గడ్డలో ఉండే విషమే అది. దాంతో విభజన నడిమధ్యలో ఆగిపోతుంది. తర్వాత పలచని ఉప్పునీళ్లు. కణం ఉబ్బి, లోపల చిక్కుపడి ఉన్న క్రోమోజోములు విడివడతాయి. ఆఖరున చల్లటి తడి గాజుపలక మీదికి జానెడు ఎత్తు నుంచి ఒక్కో బొట్టు వదలాలి. ఎత్తు తక్కువైతే కణం విచ్చుకోదు, ఎక్కువైతే క్రోమోజోములు చెదిరిపోతాయి. ఆ బొట్టు వదలడం నాకు పట్టుబడడానికి ఏడాది పట్టింది. రంగు పట్టించి, ఫోటో తీసి, కత్తెరతో ఒక్కోదాన్నీ కత్తిరించి, జతలు జతలుగా అతికించి లెక్కపెట్టేవాళ్లం. 23 జతలు, 46.

ఈ 46 అనే అంకె కూడా ప్రపంచానికి ఆలస్యంగానే తెలిసింది. 48 అని ముప్పై ఏళ్ల పాటు పుస్తకాలన్నీ రాశాయి. చూసినవాళ్లు కూడా 48 ఉన్నాయనే అనుకుని చూశారు. 1956లో స్వీడన్‌లో జో హిన్ జియో, ఆల్బర్ట్ లెవాన్ 46 అని తేల్చారు. మూడేళ్లకు పారిస్‌లో, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉన్నాయని లెజూన్ బృందం ప్రకటించింది. ఆ కణాలను పెంచి, ఆ స్లైడులు తయారుచేసిన మార్త్ గొటియే పేరు ఆ వ్యాసంలో తప్పుగా అచ్చయింది. స్లైడులు చేసినదాన్ని కాబట్టి ఆ సంగతి చెప్పకుండా ముందుకు పోలేకపోతున్నాను.

వీళ్లందరికంటే ముందు, మైక్రోస్కోపు అవసరం లేకుండానే అసలు సంగతి పట్టినవాడు ఇంగ్లండ్‌లో లయనెల్ పెన్‌రోజ్. 1933-34ల్లో ఆయన చేసింది దాదాపు మన నర్సమ్మ చేసిన పనే. డౌన్ సిండ్రోమ్ పిల్లలున్న ఇళ్లకు సంబంధించి తల్లి వయసు, తండ్రి వయసు, ఎన్నో కాన్పు అన్నీ రాసుకున్నాడు. లెక్క కట్టి చూస్తే తండ్రి వయసుతో పని లేదు, కాన్పుల వరసతోనూ పని లేదు. తల్లి వయసు ఒక్కటే నిలిచింది. ఎందుకో ఆయనకు తెలియదు. మనకు ఇప్పుడు చాలావరకు తెలుసు.

ఆడపిల్ల పుట్టేనాటికే ఆమె అండాలన్నీ ఆమెలో ఉంటాయి. తల్లి కడుపులో అయిదో నెలలో అరవై, డెబ్బై లక్షలు. పుట్టేసరికి పది, ఇరవై లక్షలు. పెద్దమనిషి అయ్యేసరికి మూడు, నాలుగు లక్షలు. జీవితం మొత్తంలో నెలనెలా విడుదలయ్యేవి సుమారు 400. కొత్తవి పుట్టినట్టు ఇప్పటికీ గట్టి ఆధారం లేదు. మగవాడి శుక్రకణాల సంగతి వేరు. అవి ఎప్పటికప్పుడు కొత్తగా తయారవుతుంటాయి, ఒక్కో విడతకు సుమారు రెండున్నర నెలలు పడుతుంది.

అండంలో క్రోమోజోములు పంచుకునే పని కూడా తల్లి కడుపులో ఉండగానే మొదలవుతుంది. అమ్మ నుంచి వచ్చినదీ నాన్న నుంచి వచ్చినదీ జతకూడి, ఒకదానితో ఒకటి ముక్కలు మార్చుకుని, అలాగే అతుక్కుని ఆగిపోతాయి. మళ్లీ ఆ పని కదిలేది ఆ అండం విడుదలయ్యే నెలలో, విడుదలకు కొన్ని గంటల ముందు. పద్దెనిమిదేళ్ల పిల్లలో అది పద్దెనిమిదేళ్లు ఆగి ఉంటుంది. నలభై ఏళ్ల స్త్రీలో నలభై ఏళ్లు. నర్సమ్మ ఒక ఆడపిల్లను చేతుల్లోకి తీసుకున్నప్పుడు, ఆ పిల్ల కనబోయే బిడ్డలకు కావలసిన అండాలు కూడా ఆ చేతుల్లోనే ఉన్నాయి. ఇరవై ఏళ్లకు ఆ పిల్లకూ నర్సమ్మే పురుడు పోసిన ఇళ్లు ఈ నోటుబుక్కులో కనీసం నాలుగు దొరికాయి నాకు.

ఇన్నేళ్లు ఆగి ఉన్న క్రోమోజోములను పట్టి ఉంచేది కోహిసిన్ అనే ప్రోటీన్. ఉంగరాల్లాగా చుట్టుకుని ఉంటుంది. పుట్టకముందు చుట్టుకున్న ఆ ఉంగరాలు తర్వాత మళ్లీ కొత్తవి చుట్టుకోవని ఎలుకల్లో చేసిన ప్రయోగాలు చెబుతున్నాయి. ఉన్నవి ఏళ్ల తరబడి కొన్ని కొన్నిగా సడలిపోతాయి.

నా దగ్గరికి వచ్చినవాళ్లకు ఇది చెప్పడానికి నేను పెళ్లి పట్టుచీర సంగతి ఎత్తేదాన్ని. పెట్టెలో మడత పెట్టి, మడత మార్చకుండా ముప్పై ఏళ్లు ఉంచితే ఏమవుతుందో ఇక్కడున్న అక్కలందరికీ తెలుసు. చీర ఎవరూ కట్టలేదు, చింపలేదు. విప్పిన రోజు మడత మీదే చిట్లుతుంది. నేసినవాడి తప్పు లేదు, దాచుకున్నామె తప్పు లేదు. అండం సంగతి అంతకంటే కష్టం, ఎందుకంటే దాని మడత మార్చే వీలు ఎవరికీ లేదు.

దీనికి తోడు ఇంకో చిక్కుంది. క్రోమోజోములను చెరో వైపు లాగడానికి కణంలో సన్నటి దారాల కండె ఒకటి ఏర్పడుతుంది. మిగతా కణాల్లో ఆ దారాలకు రెండు కొసల్లోనూ గుంజల్లాంటివి ఉంటాయి. అండంలో ఆ గుంజలు లేవు. ఇప్పుడు జర్మనీలోని గొట్టింగెన్‌లో పనిచేసే మెలీనా షూ, ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో ఉండగా, 2015లో తన బృందంతో కలిసి మనిషి అండాలను మైక్రోస్కోపు కింద సజీవంగా గమనించారు. ఆ కండె ఏర్పడడానికే సుమారు పదహారు గంటలు పట్టింది. ఏర్పడింది కూడా చాలాసార్లు కుదురుగా నిలవలేదు. కొసలు రెండుకు బదులు మూడు, నాలుగుగా విడిపోయాయి. వయసులో ఉన్నవాళ్ల అండాల్లోనూ ఈ తడబాటు కనిపించింది. నర్సమ్మ పుస్తకంలో 22, 26 ఎందుకున్నాయో ఇది చెబుతుంది. 2022లో వాళ్లే, మనిషి అండంలో తక్కువగా ఉన్న ఒక ప్రోటీన్‌ను బయటి నుంచి అందిస్తే కండె కుదురుకుందని చూపించారు. అది ప్రయోగశాల మాట. ఆసుపత్రి దాకా రాలేదు.

అంకెలు కొన్ని చెప్పాలి. వయసు 20ల్లో ఉన్న స్త్రీ అండాల్లో కూడా సుమారు నాలుగైదింట ఒకదానిలో క్రోమోజోముల లెక్క తప్పుతుంది. నలభై దాటితే సగానికి పైగా. ఇంకోటి కూడా తేలింది: టీనేజీ పిల్లల్లోనూ ఈ తప్పులు ఎక్కువే. గీత మొదట్లో ఎత్తుగా ఉండి, ఇరవైల్లోకి వచ్చేసరికి దిగి, ముప్పై అయిదు దాటాక మళ్లీ లేస్తుందని 2019లో ‘సైన్స్’ పత్రికలో అచ్చయిన పరిశోధన చెప్పింది. ‘పదహారేళ్లకే పెళ్లి చేస్తే పిల్లలు బాగా పుడతారు’ అనే పెద్దమనుషులు ఈ ముక్క మరీ వినాలి.

లెక్క తప్పిన అండం ఫలదీకరణం చెందితే 45తోనో 47తోనో పిండం మొదలవుతుంది. వాటిలో చాలావరకు నెల తప్పిన సంగతి తెలిసేలోపే పోతాయి. మొదటి మూడు నెలల్లో పోయే కడుపుల్లో దాదాపు సగం క్రోమోజోముల తేడా వల్లనే. అందులో ఏదో ఒక క్రోమోజోము మూడైన పిండాలను చూస్తే, 16వది మూడైనవే అన్నిటికంటే ఎక్కువ. అలాంటి బిడ్డ పుట్టడం ఉండదు. 21 అన్నిటికంటే చిన్నది కాబట్టి, అది మూడైనా కొందరు నిలిచి, పుట్టి, మన మధ్య పెరుగుతారు. పాతికేళ్ల తల్లికి వెయ్యికి పైగా కాన్పుల్లో ఒకరు, ముప్పై అయిదుకు సుమారు 350లో ఒకరు, నలభైకి సుమారు వందలో ఒకరు. ఇక్కడ ఒక మాట. క్రోమోజోము తప్పింది అంటున్నాను గానీ, బిడ్డను తప్పు అనడం లేదు. ఆ పిల్లలను ఎత్తుకుని నా ల్యాబ్‌కు వచ్చిన తల్లుల ముందు ఆ మాట నేనెప్పుడూ వాడలేదు.

సంతానం లేని ఇళ్లలో మాటలు ఎలా ఉంటాయో మీకు చెప్పనక్కర్లేదు. ‘ఏం పాపం చేసిందో’, ‘పెళ్లికి ముందు ఏం మందులు మింగిందో’, ‘ఆ బస్సు ప్రయాణం చేయకుంటే నిలిచేది’. చిలుకూరులో ప్రదక్షిణలు చేసినవాళ్లనూ, కొత్తూరు దగ్గర జహంగీర్ పీర్ దర్గాకు మొక్కుకున్నవాళ్లనూ చూశాను. మొక్కుకోవడం మీద నాకే అభ్యంతరమూ లేదు, దిక్కు తోచని మనిషికి అదొక ఆసరా. మొక్కు ఫలించలేదని మళ్లీ ఆమెనే అనడం మీదే నా అభ్యంతరం. బస్సు కుదుపుకి క్రోమోజోము తప్పదు. బొప్పాయికి తప్పదు. అది కడుపు రాకముందే, అండం విడుదలయ్యే గంటల్లో జరిగిపోయిన పని.

మేనరికం సంగతి కూడా అడుగుతారు. మన తెలుగు నేల మీద మేనరికాలను మొదట శాస్త్రీయంగా లెక్కించినవారిలో పిఠాపురం వాడైన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. 1960ల మొదట్లో ఆయనా, పి. మీరాఖాన్‌ కలిసి ఆంధ్రలో ఆ పని చేశారు. మేనరికంలో అమ్మ వైపు, నాన్న వైపు దాగిన ఒకే లోపం కలిసి బయటపడే ప్రమాదం పెరుగుతుంది. అది నిజం. కానీ వయసుతో అండంలో క్రోమోజోములు సరిగా పంచుకోకపోవడానికీ మేనరికానికీ సంబంధం లేదు. రెంటినీ కలిపేసి బావను చేసుకున్నందుకు కుమిలిపోయిన ఆడవాళ్లు ఎందరో.

మగవాడి వాటా ఏమీ లేదనుకోవద్దు. వై క్రోమోజోములో చిన్న ముక్కలు ఊడిపోయి శుక్రకణాలు లేకుండా పోయే సంగతిని మన హబ్సిగూడలోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో తంగరాజ్ బృందం లోతుగా పరిశీలించింది. ఇంకో రకం ఉంది. మనిషికి ఏ లోటూ కనిపించదు, క్రోమోజోముల ముక్కలు ఒకదాని మీదికి ఒకటి మారి ఉంటాయి. ఆ మనిషి బిడ్డల్లో మాత్రం లెక్క తప్పుతుంది. ఇది మొగుడిలోనూ ఉండొచ్చు, పెళ్లాంలోనూ ఉండొచ్చు. నర్సమ్మ ఇద్దరినీ పంపేవారని అందుకే చెప్పాను. ఒకసారి ఆమె పంపిన జంటలో, అయిదు కడుపులు పోయాక, తేడా భర్తలో దొరికింది. రిపోర్టు ఇస్తుంటే వాళ్లమ్మ కోడలి చేయి పట్టుకుని అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయింది.

ఇక చికిత్స.

శరీరం బయట పిండం తయారుచేయడాన్ని చాలా ముందుగా ఊహించినవాడు జె.బి.ఎస్. హాల్డేన్. 1923లో కేంబ్రిడ్జిలో ఇచ్చిన ఉపన్యాసంలో ఆ మాట చెప్పాడు. ద్రోణంరాజుకు గురువు ఆయనే. ఈ దేశానికి వచ్చి, ఇక్కడి పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో పోయాడు. తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు రాసి ఇచ్చాడు. మన పిల్లలు శరీరశాస్త్రం నేర్చుకోవడానికి. 1978 జూలై 25న ఇంగ్లండ్‌లో తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ పుట్టింది. అదే ఏడాది అక్టోబర్ 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ చేతి మీదుగా రెండో బిడ్డ. ఆయన్ను నమ్మక, విచారణ పేరుతో అవమానించారు. 1981లో ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు. సంతాన చికిత్స గురించి ఈ దేశంలో ఎవరు మాట్లాడినా ఆయనకు ఒక నమస్కారం పెట్టి మాట్లాడాలి.

ఐవీఎఫ్ అనే ఈ టెస్ట్‌ట్యూబ్ పద్ధతిలో జరిగేది చాలామంది అనుకునేదానికంటే వేరు. సూదులతో ఒకే నెలలో ఎక్కువ అండాలను పక్వానికి తెస్తారు. బయటికి తీసి, శుక్రకణంతో కలిపి, అయిదారు రోజులు పెంచి, పిండాన్ని గర్భాశయంలో పెడతారు. గొట్టాలు మూసుకుపోయినవాళ్లకు, శుక్రకణాలు తక్కువగా ఉన్నవాళ్లకు ఇది నిజమైన వరం. కానీ అండం లోపల ఉన్న క్రోమోజోముల్ని ఇది ముట్టుకోదు. నలభై ఏళ్ల అండం సూదులు వేశాక కూడా నలభై ఏళ్ల అండమే.

అందుకని పిండాన్ని పెట్టకముందే పరీక్షించే పద్ధతి వచ్చింది. పీజీటీ-ఏ అంటారు. అయిదో రోజు పిండంలో వంద, రెండు వందల కణాలుంటాయి. వాటిలో మావిగా మారే పొర నుంచి అయిదారు కణాలు తీసి, చిన్న గొట్టంలో పెట్టి ల్యాబ్‌కు పంపుతారు. పిండాన్ని మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉంచి రిపోర్టు కోసం ఎదురుచూస్తారు. ఎంచుకోవడానికి ఇది పనికొస్తుంది. బాగుచేయడానికి కాదు. అయిదు పిండాల్లో ఒకటి మంచిదైతే ఆ ఒక్కదాన్ని చూపిస్తుంది. ఒక్కటీ లేకపోతే ఒక్కటీ లేదని చెబుతుంది. 2014లో 15,169 పిండాల మీద వచ్చిన పరిశీలనలో, 44 ఏళ్ల వయసులో సగానికి పైగా స్త్రీలకు ఆ విడతలో ఒక్క సరైన పిండం కూడా దొరకలేదు.

ఈ పరీక్ష చరిత్ర కూడా తెలియాలి. మొదట్లో మూడో రోజు పిండం నుంచి ఒక కణం తీసి కొన్ని క్రోమోజోములే చూసేవారు. 2007లో నెదర్లాండ్స్ వైద్యులు 35 నుంచి 41 ఏళ్ల స్త్రీలను రెండు జట్లు చేసి చూస్తే, పరీక్ష చేయించుకున్నవాళ్లలో 25 శాతం, చేయించుకోనివాళ్లలో 37 శాతం గర్భాలు నిలిచాయి. సాయపడుతుందనుకున్నది నష్టం చేసింది. ఆ పద్ధతి పోయి ఇప్పటిది వచ్చింది. 2021లో చైనాలో 37 ఏళ్లలోపు 1,212 మందితో ఇప్పటి పద్ధతిని పరీక్షించారు. కాన్పు అయినవాళ్లు పరీక్షతో 77.2 శాతం, పరీక్ష లేకుండా 81.8 శాతం. వయసులో ఉన్న స్త్రీకి ఇది అదనపు ఖర్చు తప్ప అదనపు బిడ్డను ఇవ్వలేదు. వయసు పైబడినవాళ్లకు, పదేపదే కడుపు పోయినవాళ్లకు ఇంకో కడుపు పోయే బాధ తగ్గించవచ్చు. అందుకు వాడితే నేను కాదనను.

ఇంకో సంగతి. కొన్ని పిండాల్లో కొన్ని కణాలు సరిగ్గా, కొన్ని తేడాగా ఉంటాయి. అయిదారు కణాలు చూసి మొత్తం పిండానికి తీర్పు చెప్పడంలో ఉన్న చిక్కు అది. 2015లో ఇటలీ వైద్యులు, వేరేవి లేని 18 మంది స్త్రీలకు అలాంటి మిశ్రమ పిండాలనే పెట్టారు. ఆరుగురు ఆరోగ్యమైన బిడ్డలు పుట్టారు. పాత రోజులైతే ఆ ఆరు పిండాలూ పారేసేవారు.

ఇప్పుడు ఒక జంట సంగతి చెప్పాలి. కామారెడ్డి వైపు వాళ్లు. భర్త దుబాయ్‌లో పని. ఈ విమానాశ్రయం గేటు దగ్గర రోజూ మనం చూసే మనుషులే. రెండేళ్లకోసారి నలభై రోజుల సెలవు. పెళ్లయి పదిహేడేళ్లైనా కలిసున్నది లెక్కగడితే ఏడాది కూడా కాలేదు. ఆమెకు 41 వచ్చాక ఒక ఆసుపత్రిలో చికిత్సకు వెళ్లారు. ఎక్కడో చెప్పను. ఎనిమిది అండాలు, అయిదు పిండాలు. పిండానికింత అని కట్టించుకుని అయిదింటికీ పరీక్ష చేశారు. అయిదూ తేడా అని ఇంగ్లీషులో రిపోర్టు ఇచ్చి, మళ్లీ ఇంకో విడత చేద్దామన్నారు. ఎవరో చెబితే ఆయన తిరుగు విమానం రోజు పొద్దున, సూట్‌కేసులతో సహా మా ఇంటికి వచ్చారు. వాళ్లత్త కూడా వచ్చింది. “అయిదుట్ల ఒక్కటి గూడ మంచిది లేకపోవుడేంది, ఈమె ఒంట్ల ఏముంది?” అని అడిగింది. పట్టుచీర సంగతి చెప్పాను. అత్త చాలాసేపు ఏమీ అనలేదు. ఆ అమ్మాయి మాత్రం అడిగింది, “ఈ ముక్క సూదులు ఏయకముందు ఎవరన్న చెప్పొచ్చు గద మేడం?” ఆమె భర్త గడియారం చూసుకుంటున్నాడు, విమానానికి టైమైంది.

ఆ ప్రశ్నకు జవాబు చట్టంలోనే ఉంది. 2021 సంతాన సాఫల్య చికిత్సల నియంత్రణ చట్టం 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. చికిత్స ఎంతవరకు ఫలించే అవకాశం ఉందో, లాభం నష్టం ఏమిటో, ఖర్చెంతో, ప్రమాదాలేమిటో ముందే వివరించి చెప్పడం క్లినిక్ బాధ్యత అని అందులో రాశారు. చెప్పడం అంటే పది పేజీల ఇంగ్లీషు కాగితాల మీద వేలిముద్ర తీసుకోవడం అని ఎక్కడా రాయలేదు.

అదే చట్టం స్త్రీకి 50, పురుషుడికి 55 ఏళ్ల హద్దు పెట్టింది. 2019 సెప్టెంబర్ 5న గుంటూరులో, డెబ్బై దాటిన తూర్పు గోదావరి స్త్రీ ఒకామె కవల ఆడపిల్లల్ని కన్నారు. ప్రపంచమంతా ఆ వార్త వచ్చింది. మా కాలనీలో ఆడవాళ్లు ‘ఆమెకే పుట్టారు, నీకేమైంది’ అని నలభై ఏళ్లామెతో అనడం విన్నాను. ఆ కవలలు దాత ఇచ్చిన అండం నుంచి వచ్చారన్న సంగతి ఆ మాటల్లో ఎక్కడా లేదు. గర్భాశయం చాలా ఏళ్లు మోయగలదు. ముదిరేది అండం. అందుకే చట్టం అండదాత వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలన్నది. జీవితంలో ఒకేసారి, ఏడు అండాలకు మించకుండా తీయాలన్నది. ఆ ఏడు అండాలు ఇచ్చే అమ్మాయి ఎవరు, ఏ అవసరం కొద్దీ ఇస్తుంది అన్నది కూడా మనం అడగాల్సిన ప్రశ్నే. ఆమెకూ ఒక తల్లి ఉంటుంది.

వీటికీ విమానాశ్రయానికీ సంబంధం ఉంది. 2019 మార్చిలో ముంబయి విమానాశ్రయంలో ఒక ప్రయాణికుడి సూట్‌కేసులో ద్రవ నత్రజని డబ్బా, అందులో మానవ పిండం దొరికాయని రెవెన్యూ ఇంటెలిజెన్స్ అధికారులు చెప్పారు. పరిశోధనకు తప్ప పిండాల దిగుమతి కుదరదని కేంద్రం 2015లోనే అన్నది. ఇప్పటి చట్టం ప్రకారం సొంత అండాన్నో పిండాన్నో సొంత వాడకానికి దేశం దాటించాలన్నా జాతీయ బోర్డు అనుమతి కావాలి. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఇక్కడ ఖర్చు తక్కువని చికిత్సకు వస్తారు. టిక్కెట్టు కొనేముందు ఈ సంగతి తెలుసుకోవాలి. పిండం ఆడా మగా అని అడగడం, చెప్పడం రెండూ నేరమేనని కూడా.

అండాలను వయసులో ఉండగానే తీసి గడ్డకట్టించి దాచుకోవడం గురించి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న అమ్మాయిలు అడుగుతున్నారు. క్యాన్సర్ చికిత్సకు వెళ్లేవాళ్లకు అది తప్పకుండా చెప్పాలి. మిగతావాళ్లకు, దాచిన అండం అప్పటి వయసులోనే ఉంటుందన్నది నిజం. ప్రతి అండం బిడ్డ కాదన్నదీ అంతే నిజం. రెండో ముక్క ప్రకటనల్లో నాకు కనబడలేదు.

2023లో సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రాన్ని ప్రారంభించారు. పుస్తెలు తాకట్టు పెట్టి చికిత్సకు వెళ్లినవాళ్లను చూసినదాన్ని కాబట్టి అది నాకు పెద్ద వార్త. అక్కడ సూదులతో పాటు, ఆ సూదులు ఏం చేయలేవో కూర్చోబెట్టి చెప్పే మనిషి కూడా ఉండాలని కోరుతున్నాను. నర్సమ్మ లాంటి మనిషి. డిగ్రీ ఉండాలి గానీ, ఆ మనిషి వాడే తెలుగు ఆమె తెలుగులా ఉండాలి.

ఈ సభలో సంతాన వైద్యులు కొందరున్నారు. మిమ్మల్నే అడుగుతున్నాను. మీ దగ్గరికి 38 ఏళ్లామె వస్తే, డబ్బు కట్టించుకోకముందు, మొదటి సూది వేయకముందు, ఆమె వయసుకు ఎన్ని అండాల్లో ఎన్ని సరిగ్గా ఉంటాయో ఒక కాగితం మీద తెలుగులో రాసి ఆమె చేతికివ్వండి. భర్తనూ అత్తనూ పక్కన కూర్చోబెట్టి ఇవ్వండి. వాళ్లకు ఆ అంకె అర్థమయ్యేదాకా చెప్పండి. ఆ తర్వాత ఆమె చికిత్స తీసుకుంటానంటే తీసుకోనివ్వండి. వద్దంటే ఇంటికి పోనివ్వండి.